పండు ఈగల దండయాత్రలు

మామిడికాలము ముగియవచ్చి తొలకరి చినుకులు పడిన పిమ్మట, అంగడినుండి తెచ్చిన పండు పైకి ఎంత నిగనిగలాడుచున్నను, కోయుటకు గృహిణులు కొంచెము జంకుదురు. తొక్కమీద సూదిమొనంత మచ్చ తప్ప వేరు లోపము కానరాదు. కోసి చూచినచో గుజ్జు నీరుగారి, అందు తెల్లని పురుగులు మెదలుచుండును. వాననీరు కాయలోనికి దిగుటచే ఇవి పుట్టినవని పెద్దలు చెప్పుట కలదు. వానకును పురుగునకును సంబంధము లేకపోలేదు గాని, అది అట్టి సంబంధము కాదు. నేల మెత్తబడి గాలిలో తేమ హెచ్చినపుడు ఒక జాతి ఈగ విస్తారముగ పెరుగును. అందు ఆడుది తన పొట్టచివరనున్న సూదివంటి అవయవముతో తొక్కను పొడిచి, లోపల గ్రుడ్లు పెట్టును. మనము చూచిన మచ్చ ఆ పోటు గుర్తు.

దీనిని వ్యవసాయ శాస్త్రజ్ఞులు పండు ఈగ యందురు. మగ్గిన అరటిపండ్ల చుట్టు ముసరు చిన్న ఈగలు వేరు. అవి పులిసినదానిని వెదకుకొని వచ్చునవి. వాటివలన తోటకు చేటు లేదు. ఇది ఇంచుమించు ఇంటి ఈగ యంతటిది, గోధుమ పసుపు వన్నెలు గలది, చూచుటకు కందిరీగను తలపించునది. చెట్టుననున్న మంచి కాయనే ఇది ఆశ్రయించును. గ్రుడ్లు ఒకటి రెండు దినములలో పగులును. పురుగు వారము పది దినములు గుజ్జు తిని, పండు రాలిన పిమ్మట వెలుపలికి వచ్చును. ఎదిగిన పురుగునకు కాళ్లు లేకున్నను, తల తోక కలిపి వంగి, విల్లు విడిచినట్లు ఒక్క గెంతు గెంతగలదు. అట్లు గెంతి నేలలో దూరి, వరిగింజవంటి కోశము కట్టుకొని, పది పండ్రెండు దినములకు రెక్కలతో వెలువడును. ఆడ ఈగ మరికొన్ని దినములు తిని బలిసిన పిదప గ్రుడ్లు పెట్టనారంభించును. జీవితకాలములో వేయికి పైగా పెట్టు జాతులును కలవు.

ఇంతవరకు తోటమాలి యెరిగిన విషయమే. మేము చెప్పదలచినది ఈ ఈగలు భూమండలమున ఒక దేశమునుండి మరియొక దేశమునకు దండెత్తిపోయిన కథ. అందును ముఖ్యముగ ఒక చిన్న దీవి కథ. గెలుచువాడెవడు, ఓడువాడెవడు అను ప్రశ్నకు ఆ దీవిలో లభించిన సమాధానము శాస్త్రజ్ఞులు ఊహించిన దానికి భిన్నముగ నున్నది.

పండు ఈగ తన రెక్కలపై సముద్రములు దాటదు. పండులో దాగి పోవును. 1829వ సంవత్సరమున మాక్లే యను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు, అజోర్సు దీవులనుండి లండను నగరమునకు వచ్చిన నారింజలను పాడుచేయు ఒక ఈగను వర్ణించి వ్యాసము ప్రకటించెను. ఆఫ్రికా ఖండమున పుట్టిన ఆ ఈగకు తరువాత మధ్యధరా పండు ఈగ యను పేరు స్థిరపడినది. తెరచాప ఓడలు నెలల తరబడి పయనించు కాలమున పండ్లు త్రోవలోనే క్రుళ్లి సముద్రము పాలగుచుండెడివి. పురుగులును వాటితోనే పోయెడివి. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణకాలము తరిగిన కొలది, పండు చెడకముందే రేవు చేరుట, దానితోపాటు పురుగును ప్రాణములతో చేరుట సాధ్యమైనది. 19వ శతాబ్దము ముగియునాటికి ఈ ఈగ స్పెయిను, ఇటలీలు దాటి ఆస్ట్రేలియాలో స్థిరపడెను. 1910లో హవాయి దీవులలో కనబడెను. దీని సహజశత్రువులను వెదకుటకై హవాయివారు సిల్వెస్ట్రీ యను ఇటలీ శాస్త్రజ్ఞుని 1912-13లో పశ్చిమాఫ్రికాకు పంపిరి. ఒక ఈగకై మనిషి ఖండములు గాలించుట ఆనాటికి వింతగ తోచియుండవచ్చును.

ఇక మన దీవి మాటకు వత్తము. హిందూమహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగ రీయూనియను అను ఫ్రెంచివారి దీవి కలదు. వైశాల్యము సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాలలో చిన్నవానికి సరిపోవచ్చును. కాని సముద్రతీరమునుండి నడిమికి పోవుకొలది నేల నిటారుగ లేచి, 3,000 మీటర్లు మించిన అగ్నిపర్వత శిఖరమున ముగియును. అందుచే క్రింద మామిడి, నడుమ నారింజ, మీద చలిదేశపు పండ్లు ఒకే దీవిలో పండును. దాని పొరుగుననున్నదే మారిషసు. గోదావరి ముఖద్వారమందలి కోరంగి రేవునుండి ఓడనెక్కి పోయిన తెలుగువారి సంతతి నేటికిని ఉగాది చేసికొను దీవి యది. చెరకుతోటల కూలికై మనుష్యులను తెచ్చిన ఓడలే మామిడిని, జామను, ఎన్నో పెరటిచెట్లను ఆ దీవులకు చేర్చినవి. పండు వచ్చిన త్రోవనే కాలక్రమమున ఈగయు వచ్చినది.

ఆ దీవులకు స్వంతమైన ఈగ యొకటి ముందునుండియు ఉండెను. ప్రపంచమున మరెక్కడను లేని జాతి యది; శాస్త్రనామమున కాటోయిరీ. అది అడవిపండ్లమీదను, పిదప తోటలలోని పండ్లమీదను బ్రతుకుచుండెను. 1939లో మధ్యధరా ఈగ రీయూనియనులో దిగెను. 1955లో ఆఫ్రికాకే చెందిన మరియొక జాతి వచ్చెను. దానిని చాలకాలము నాటాలు ఈగగా లెక్కించిరి. పరిశీలనలో అది ప్రత్యేక జాతియని తేలగా, ఆ దీవిలో పనిచేసిన కీటకశాస్త్రజ్ఞుడు సెర్జ్ కిలిసీ పేర 2016లో దానికి కిలిసీ అను నామకరణము చేసిరి. 1991లో మన భారతదేశపు ఈగయే అక్కడ పట్టుబడెను. జామ, మామిడి, పీచు పండ్లను ఆశించు ఈ జాతికి జొనాటా యని పేరు. మొదట దానిని అణచివేయ ప్రయత్నించిరి గాని, పది సంవత్సరములు గడుచునప్పటికి అది దీవిలో స్థిరనివాసమేర్పరచుకొనెను. 2017లో దాని జ్ఞాతియు, ఇంకను బలవత్తరమును అయిన తూర్పుదేశపు పండు ఈగ, డార్సాలిసు, అడుగుపెట్టెను.

ఒకే దీవి, ఒకే పండ్లు, ఒకరి వెనుక ఒకరుగ వచ్చిన దండులు. చరిత్ర యిట్లు వరుసగ పేర్చి యిచ్చిన ప్రయోగము ప్రయోగశాలలో దొరకదు.

ఇచట కొంచెము సిద్ధాంతము చెప్పక తప్పదు. 1838లో వెర్హుల్‌స్ట్ అను బెల్జియము గణితశాస్త్రజ్ఞుడు జనసంఖ్య పెరుగుదలకు ఒక సూత్రము కనుగొనెను. తొలుత సంతతి వేగముగ హెచ్చును; తిండి, చోటు ఇరుకైనకొలది ఆ వేగము తగ్గి, నేల భరింపగల ఒక హద్దున నిలిచిపోవును. మెకార్థరు, విల్సను అను అమెరికా శాస్త్రజ్ఞులు 1967లో ద్వీపముల జీవజాలమును గూర్చి వ్రాసిన గ్రంథమున దీనినే ఆధారము చేసికొని, ప్రాణులు బ్రతుకు రీతులు రెండని చెప్పిరి. ఒకటి, త్వరగ ఎదిగి, త్వరగ పిల్లలను కని, విస్తారముగ కని, త్వరగ చచ్చు రీతి. రెండవది, నిదానముగ ఎదిగి, పెద్ద శరీరము సంపాదించి, ఆలస్యముగ సంతానము కని, చిరకాలము జీవించు రీతి. ఎలుక ఒక ధోరణిది, ఏనుగు మరియొక ధోరణిది. మొదటిది ఖాళీచోటున త్వరితముగ నిండుటకు తగినది. రెండవది నిండిన చోట పోటీపడి నిలుచుటకు తగినది.

క్రొత్త దేశమున చొరబడి పాగావేయు ప్రాణి మొదటి రీతిదై యుండునని అందరును భావించిరి. వయ్యారిభామ మొక్కను చూచినవారికి ఆ యూహ సహజముగనే తోచును. నాలుగు గింజలు పడినచో ఏడాది తిరుగులోపల బీడంతయు తెల్లని పూవులే. దండెత్తునది వేగముగ పెరుగవలెను గదా యని వారి తర్కము.

రీయూనియనులో డ్యూక్, డేవిడ్, కిలిసీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు నాలుగు జాతుల ఈగలను ప్రయోగశాలలో పెంచి, ఏది ఎన్నాళ్లు జీవించునో, ఎప్పుడు గ్రుడ్లు పెట్టనారంభించునో, ఏ వయస్సున ఎన్ని పెట్టునో లెక్కించి, ఫలితములను 2007లో ప్రకటించిరి. తర్కము తలక్రిందులైనది. కడపట వచ్చి అందరిని నెట్టివేసిన మన జొనాటాయే నాలుగింటిలో నిదానస్థురాలు. శరీరము పెద్దది. గ్రుడ్లు పెట్టుట ఆలస్యముగ ఆరంభించును. ఆయువు దీర్ఘము, సంతానశక్తి మెల్లగ తగ్గును. ముందుగా వచ్చిన మధ్యధరా ఈగయో, చిన్నది, తొందరగ గ్రుడ్లు పెట్టునది, తొందరగ అలసిపోవునది. మొత్తముమీద వెనుక వచ్చిన జాతి ముందున్న జాతికంటె రెండవ రీతివైపే మొగ్గియున్నది. వేగముగ కన్నది గెలువలేదు. నిలిచి కన్నది గెలిచినది.

ఇట్లేల జరిగెనను ప్రశ్నకు పండులోపలను, పండుపైనను జరుగు పోరాటమును చూడవలెను. రెండు జాతుల పురుగులు ఒకే జామపండులో చేరినచో తిండి కొద్దిదే. పెద్ద పురుగు ముందు తిని, చిన్నదానికి ఆకలి మిగుల్చును. ఆకలిగొన్న పురుగు చిన్న ఈగయై వెలువడి, కొద్దిపాటి గ్రుడ్లే పెట్టగలుగును. పండుపైన పోరు మరియొక విధము. గ్రుడ్లు పెట్టుటకు కూర్చున్న ఆడ ఈగను పెద్దజాతి ఆడ ఈగ తలతో ఢీకొని త్రోసివేయును. మన వీథులలో కుళాయియొద్ద బిందెలు పట్టు తరుణమును తలచుకొన్నచో ఈ దృశ్యము పాఠకులకు వెంటనే బోధపడును. ఇట్టి పోట్లాటలను గాజుపెట్టెలలో ఉంచి లెక్కించిరి. ఆ గెలుపోటముల వరుస, దీవికి ఆ జాతులు చేరిన వరుసకు ఇంచుమించుగ సరిపోయినది.

దీర్ఘాయువు విషయమున మాకు మరియొకటి తోచుచున్నది. ప్రయాణికుని సంచిలోని పండునుండి నాలుగైదు ఈగలు బయటపడినవనుకొందము. ఆ దినమున తోటలో పండు లేకపోవచ్చును. తుపాను వచ్చి కాయలన్నియు రాలిపోవచ్చును. రీయూనియనునకు తుపానులు కొత్త గావు. వారము పది దినములలో గ్రుడ్లన్నియు పెట్టి చచ్చు జాతికి ఆ ఆపద దాటరానిది. రెండు మూడు నెలలు వేచి, మరియొక కాపు వచ్చువరకు నిలువగల జాతికి అది కొన్నాళ్ల ఉపవాసము మాత్రమే. ఖాళీదీవిని పట్టుట వేరు, నలుగురు కాపురమున్న ఇంటిలో చోటు సంపాదించుట వేరు. పెంపకపు తోటలతో, పూర్వపు ఈగలతో నిండిన నేటి ప్రపంచము రెండవదానినే పోలియున్నది.

ఓడినవారు ఒక్కమారుగ మాయము కాలేదు. కిలిసీ జాతి చలికి ఓర్చునది. తేమ లేనిదే బ్రతుకలేనిది. అది కొండలమీదికి జరిగెను. జొనాటా తీరప్రాంతపు వేడిని ఏలుకొనెను. పల్లమున రాజ్యము పోయిన సామంతుడు గిరిదుర్గమున తలదాచుకొన్నట్లుగ నున్నది ఈ పంపకము.

హవాయిలోను ఇదియే జరిగెను. రెండవ ప్రపంచయుద్ధపు చివర, 1945 ప్రాంతమున, డార్సాలిసు జాతి అచట కనబడెను. పశ్చిమ పసిఫికు దీవులనుండి తిరిగివచ్చుచున్న యుద్ధసామగ్రితో వచ్చినదని పలువురి యభిప్రాయము. కొలది సంవత్సరములలో పల్లపు తోటలలో మధ్యధరా ఈగ అరుదైపోయెను. అది నేటికిని అచట ఉన్నది గాని, ముఖ్యముగ ఎత్తయిన చోట్లను, కాఫీతోటలను ఆశ్రయించుకొని యున్నది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరప్రాంతమున మొదట మధ్యధరా ఈగయే ఉండెడిది. క్వీన్స్‌లాండు పండు ఈగ దక్షిణమునకు వ్యాపించినపుడు అది క్రమముగ తగ్గి, 1940ల తరువాత అచట లేకుండపోయెను. క్వీన్స్‌లాండు ఈగయు, మన జొనాటాయు, డార్సాలిసును ఒకే వంశమునకు చెందినవి. ఆ వంశము ఉన్న చోటికి ఆఫ్రికా వంశపు ఈగ వచ్చి దానిని వెడలగొట్టిన ఉదాహరణము చరిత్రలో కానరాదు. వెడలగొట్టబడిన ఉదాహరణములు మాత్రము ఒకటి వెంట ఒకటి కలవు.

హవాయిలో డార్సాలిసును అదుపుచేయుటకు మరల సహజశత్రువుల వేట సాగెను. మలయా మొదలగు ఆసియా దేశములనుండి చిన్న కందిరీగలను తెచ్చి 1940ల చివర వదలిరి. వానిలో ఒకటి అద్భుతమైనది. ఈగ పండులో గ్రుడ్డు పెట్టి పోయినంతనే, ఇది వాసన పట్టి వచ్చి ఆ గ్రుడ్డులోనే తన గ్రుడ్డు పెట్టును. పురుగు పుట్టి తినుచునే యుండును, కాని కోశమునుండి వెలువడునది ఈగ కాదు, కందిరీగ. డార్సాలిసు 1996లో తాహితీ దీవిలో కనబడినపుడు, కొన్నేండ్లకు హవాయినుండి ఈ కందిరీగనే తీసికొనిపోయి అచట నిలిపిరి.

మనుష్యునికి లభించిన మరియొక ఆయుధము మన దేశముననే దొరికినది. బీహారులోని పూసా గ్రామమున వ్యవసాయ పరిశోధనాలయము ఉండెడిది. హౌలెట్ అను కీటకశాస్త్రజ్ఞుడు అందు పనిచేయుచుండెను. ఆయన పొరుగువారొకరు దోమలు దరిచేరకుండుటకు నిమ్మగడ్డి జాతికి చెందిన సిట్రొనెల్లా నూనెను చేతిరుమాలుకు పూసికొనగా, దోమల మాట యెట్లున్నను, ఈగలు గుంపులుగ వచ్చి ముసరినవి. హౌలెట్ వానిని పట్టి చూచెను. అన్నియు పండు ఈగలే; అందును అన్నియు మగవే. ఈ విషయమును ఆయన 1912లో ప్రకటించెను. డార్సాలిసు జాతికి ఫార్మోసా దీవి నమూనాలనుబట్టి ఆస్ట్రియాదేశీయుడు హెండెల్ నామకరణము చేసినదియు ఆ సంవత్సరముననే. నూనెలో మగ ఈగలను వెర్రెత్తించు పదార్థము మిథైల్ యూజినాల్ అని హౌలెట్ 1915 నాటికి తేల్చెను.

ఆ పదార్థము మనకు దూరమైనది కాదు. కోటలోని తులసి ఆకులో అది యున్నది. అందుచేతనే తులసి ఆకు నలిపిన రసముతో ఎరబుట్టలు కట్టు పద్ధతి మన రైతులకు చెప్పబడినది. వేసవిలో పసుపుపచ్చని జల్లులవలె వ్రేలాడు రేలపూవులకు మగ ఈగలు మూగుటకు కారణము అదియేనని హవాయి శాస్త్రజ్ఞులు 1968లో కనుగొనిరి. పెరటిలో తులసియు, పొలముగట్టున రేలచెట్టును ఉన్న మనవారిలో ఎందరో ఈ ఈగల గుంపులను చూచియే యుందురు. అవి యెందుకు వచ్చినవో అడిగినవాడు మాత్రము పూసాలో నుండెను.

పసిఫికు మహాసముద్రమందలి రోటా యను చిన్న దీవిలో, 1960వ దశకపు తొలిదినములలో, ఈ పదార్థమును విషముతో కలిపి అట్టముక్కలకు పట్టించి, విమానములనుండి చల్లిరి. మగ ఈగలు వచ్చి నాకి చచ్చెను. జతలేని ఆడ ఈగల గ్రుడ్లు పొదుగవు. దీవిలో డార్సాలిసు సమూలముగ నశించెను. జపానువారు ఇదే విధానమును 1968లో అమామి దీవులలో మొదలిడి, ఒకినావా దీవుల వరకు నడిపి, 1986 నాటికి ఆ జాతిని దేశమున లేకుండ చేసిరి. దోస, కాకర జాతులను పాడుచేయు మరియొక ఈగకు ఈ ఎర పనిచేయదు. దానికై కోట్లకొలది మగ ఈగలను పెంచి, కిరణములచే వంధ్యములను చేసి వదలుచు, 1972నుండి 1993 వరకు శ్రమించిరి. పదునెనిమిది, ఇరువది యేండ్లు ఒక ఈగను వెంబడించిన ఆ పట్టుదలను మెచ్చుకొనక తప్పదు. సముద్రము చుట్టును గోడవలె నుండుటచే అది సాధ్యమైనదనియు గుర్తుంచుకొనవలెను.

ఖండములయందు అట్టి గోడ లేదు. 2003లో కెన్యా దేశమున ఒక క్రొత్త పండు ఈగ మామిడితోటలలో కనబడెను. రెండు సంవత్సరములలో దానిని క్రొత్తజాతిగ నిర్ణయించి, దండెత్తు స్వభావమును సూచించు ఇన్వేడెన్సు అను పేరు పెట్టిరి. కొలది కాలముననే అది సహారా ఎడారికి దక్షిణముననున్న దేశములలో చాలవరకు ప్రాకెను. కుటుంబమునకు రొక్కము తెచ్చు మామిడికాపులో ఎంతో భాగము నేలరాలి క్రుళ్లుచుండ, ఎగుమతులు నిలిచిపోగ, పేదరైతు పడిన యిక్కట్టు ఇంతింత యనరానిది. శాస్త్రజ్ఞులు దాని రూపమును, సంయోగ స్వభావమును, వాసనలను, వంశలక్షణములను ఓపికగ పోల్చి చూచి, 2015లో అది క్రొత్త జాతి కాదనియు, మన ఆసియా డార్సాలిసే మారుపేరున తిరుగుచున్నదనియు తేల్చిరి. పేరుతో పనియేమి యని కొందరనవచ్చును. కాని పేరు వేరైనపుడు ఒక దేశపు అనుభవము మరియొక దేశమునకు అక్కరకు రాదు. పండ్ల వర్తకపు నిబంధనలన్నియు జాతి నామమునుబట్టియే నడచును.

ఆ నిబంధనల బాధ మనవారికి తెలియనిది కాదు. తమ దేశమున ఈ ఈగ లేకుండ చేసికొన్న జపానువారు 1986లో మన మామిడిని నిషేధించిరి. ఇరువది సంవత్సరముల పిమ్మట, 2006లో, పండును ఆవిరివేడిలో ఉంచి పంపు షరతుపై అనుమతించిరి. పండు నడిభాగము 47.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి చేరి, ఇరువది నిమిషములు అట్లే నిలువవలెను; పురుగు చావవలెను, రుచి చెడరాదు. అట్లు అనుమతి పొందిన రకములలో మన బంగినపల్లియు నొకటి. ఐరోపా సమాఖ్యవారు 2014 మే నెలనుండి భారతదేశపు మామిడిని వలదని, 2015 తొలినెలలలో ఆ యాజ్ఞను ఎత్తివేసిరి. కారణము సరకులో పండు ఈగల పురుగులు కనబడుటయే. మన రైతు ఈగను పుట్టింపలేదు. అనాదిగ దానితో కాపురము చేయుచున్నాడు. అయినను రీయూనియను, హవాయి, కెన్యాల అనుభవములు విన్న పిమ్మట, పరదేశపు అధికారులు ఒక్క పురుగునకు అంత జడియుటను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

తోటలో చేయదగిన పనులలో మిక్కిలి చౌకయైనది రాలిన పండ్లను నాటికి నాడు ఏరివేయుట. అంతటి సులభమైన పనియే చాల తోటలలో జరుగదు. ఏరినవానిని గట్టున కుప్పవేసిన లాభము లేదు. పురుగు గెంతి నేల చేరును. లోతుగ పూడ్చవలెను. హవాయిలో పుట్టి రీయూనియనులో వ్యాపించిన యుపాయమొకటి ముచ్చటైనది. గుడారమువంటి వలసంచిలో రాలిన పండ్లను వేసి మూయుదురు. వల కన్నములు ఈగ దూరలేనంత చిన్నవి, పురుగులను చంపు కందిరీగ దూరగలిగినంత పెద్దవి. శత్రువు చెరలోనే యుండును, మిత్రుడు తోటలోనికి పోవును. మన గ్రామములలో దోమతెర కుట్టగలవారు దీనిని కుట్టలేకపోరు. కన్నము కొలత మాత్రము సరిగ కుదురవలెను.

మారిషసువారు 1996లో తమ దీవిలో డార్సాలిసును వెంటనే కనిపెట్టి, ఎరలు పెట్టి, విషము చల్లి, తుదముట్టించిరి. రీయూనియనులో 2017లో వచ్చినది అట్లు తొలగలేదు. రెండు మూడు సంవత్సరములలో అది దీవియంతట వ్యాపించి, మామిడితోటలలో ప్రధాన శత్రువైనది. పావు శతాబ్దము పల్లమునేలిన జొనాటా ఇప్పుడు తానే తరుగుచున్నది. ఒకప్పుడు తాను ఇతరులను నెట్టిన పండ్లనుండి తనను నెట్టినది తన జ్ఞాతియే. కిలిసీ జాతి కొండలపై చలిలో నిలిచియున్నది. మధ్యధరా ఈగ అక్కడక్కడ మిగిలినది. అందరికంటె ముందునుండి ఆ దీవులనే నమ్ముకొనియున్న కాటోయిరీ మాత్రము, పండ్లను బుట్టలకొలది ఏరి తెచ్చి, ప్రయోగశాలలో ఈగలు వెలువడువరకు కాచుకొని చూచినను, బహు అరుదుగనే కనబడుచున్నది.